తారీఖు అడిగే మనిషి

నన్ను తారీఖు అడిగే మనిషి పోయాడు. ఆ సంగతి నాకు బందరు బస్టాండులో తెలిసింది. లంక నుంచి ఎండుచేపలు తెచ్చి అమ్ముకునే ఒకావిడ తట్ట కిందికి దించి, కొంగుతో ముఖం తుడుచుకుని, "మీ బావ పోయాడండీ. కబురు రాలేదా?" అంది. రాలేదన్నాను. 

ఆయన నాకు నిజానికి బావ కాడు. మాది పెడనలో మగ్గం ఇల్లు. ఆయనది దివిసీమ చివర, కృష్ణ సముద్రంలో కలిసే చోట, నాలుగు పక్కలా నీళ్ళున్న ఒక లంకలో పడవ తోలే ఇల్లు. నేను ఆ పడవ ఎక్కిన మొదటి రోజే "జాగర్త బావా, చెక్క జారుద్ది" అన్నాడు. ఆ వరస అలాగే నిలిచిపోయింది. కొంతకాలం ఆయన ఆ లంకకు ప్రెసిడెంటు. సర్పంచి అన్న మాట కాగితాల మీదే ఉంటుంది, మా వైపు నోళ్ళలో ప్రెసిడెంటే. కొంతకాలమంటే ఏడాది ఏడు నెలల పద్నాలుగు రోజులు. ఈ లెక్క నాకు తెలిసినంత ఖచ్చితంగా ఇంకొకరికి తెలియదు. అందులో చివరి రోజు ఏదో నిర్ణయించింది నేనే.

పదవి పోయాక ఆయన పదేళ్ళకు పైగా బతికాడు. ఆ పదేళ్ళలో రేవులో కనబడినా, అవనిగడ్డ సంతలో కనబడినా, ఎవరి పెళ్ళి పందిట్లో ఎదురైనా ఆయన నాతో మాట్లాడింది ఇంతే.

"బావా, ఇయాళ తారీఖు ఎంత?"

చెప్పేవాణ్ణి.

"ఏ వారం?"

చెప్పేవాణ్ణి.

"ఆఫీసులు ఉంటయ్యా?"

ఉంటాయనో, ఉండవనో చెప్పేవాణ్ణి. తల ఊపి వెళ్ళిపోయేవాడు. గొంతులో కోపం ఉండేది కాదు, ఎగతాళి కూడా ఉండేది కాదు. దారి అడిగినవాడికి దారి చెబితే ఎలా వెళ్తాడో అలా వెళ్ళేవాడు. పక్కనున్నవాళ్ళు "పాపం, ఆయనకి గుర్తుండదేమో" అనుకునేవాళ్ళు. ఆయనకు గుర్తుండనిదంటూ ఏమీ లేదు.

నేను చదువుకున్న సర్వేయరుని కాను. మా నాన్న పడుగు పోగులు లెక్కపెడుతుంటే పక్కన కూర్చుని లెక్కలు నేర్చుకున్నాను. మగ్గం తిండి పెట్టని రోజుల్లో పాత పుస్తకాల కొట్లో అట్ట లేని గణితం పుస్తకం ఒకటి కొని, వంకర పొలాన్ని ముక్కోణాలుగా విడగొట్టి కొలవడం దాన్ని చూసి పట్టుకున్నాను. తొంభైల్లో దివిసీమ అంతటా వరి చేలు తవ్వి రొయ్యల చెరువులు చేస్తున్నప్పుడు నా విద్యకు గిరాకీ వచ్చింది. చెరువు విస్తీర్ణం ఎంత, గట్టుకు మట్టి ఎన్ని ట్రక్కులు, నీళ్ళు ఎన్ని గంటల్లో నిండుతాయి, ఇవి చెప్పే మనిషి కావాలి. బందరులో రెండు గదులు అద్దెకు తీసుకుని, కొలత గొలుసు భుజాన వేసుకుని తిరిగేవాణ్ణి. బడిలో ఒక్క రోజూ పాఠం చెప్పకపోయినా అందరూ నన్ను లెక్కల మేష్టారనేవాళ్ళు. నాకది బాగుండేది.

లంకకు వెళ్ళాలంటే ఆయన పడవే. మనుషుల్ని పడవలోకి ధాన్యం కొలిచినట్టు లెక్కపెట్టేవాడు. మా వైపు ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఆయన కూడా మొదట కాలు పెట్టిన మనిషిని చూసి "లాభం" అనేవాడు. తరువాత రెండు, మూడు. ఇరవై రెండు కాగానే పడవ తోసే గెడ అడ్డం పెట్టేవాడు. సంకలో పిల్లైనా ఒకటే లెక్క, ఆరడుగుల మనిషైనా ఒకటే లెక్క.

లంకలో సగం చెరువులు ఒకే ఆసామివి. మేడ గుడివాడలో, ఓటు లంకలో. మనిషి మర్యాదస్తుడు, గట్టిగా మాట్లాడి ఎరగడు. ఒకరోజు ఆయన రేవులోకి వచ్చేసరికి పడవ నిండింది.

"ఏమయ్యా, నేను" అన్నాడు ఆసామి.

"చూశానండీ."

"చూస్తే ఎక్కించుకో మరి."

"మీరు ఇరవై మూడండీ."

ముందు కూర్చున్న ముసలావిడ ఒకామె లేవబోయింది. "నేను దిగుతాలే నాయనా, బాబుగారు ఎక్కుతారు."

"కూర్చో మామ్మా. నువ్వు లాభానివి. నువ్వు దిగితే లెక్క మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకోవాలి."

పడవలో నవ్వారు. ఆసామి కూడా నవ్వాడు. పడవ పోయి రావడానికి నలభై ఐదు నిమిషాలు పట్టింది. అంతసేపూ ఆయన ఎండలో నిలబడే ఉన్నాడు. తిరిగి వచ్చిన పడవలో మాత్రం ఆయనే మొదట ఎక్కాడు. "లాభం" అన్నాడు మా బావ, అదే గొంతుతో.

ఆ మరుసటి ఏడు పంచాయతీ ఎన్నికలొచ్చాయి. లంక ప్రెసిడెంటు పదవిని వెనకబడిన కులాలకు కేటాయించారు. ఆసామి ఉప ప్రెసిడెంటుగా ఉండదలచుకున్నాడు. పైన ఎవరో ఒకరు కావాలి. జనం కాదనని మనిషి, చదువు రాని మనిషి అయితే మంచిది. ఆసామి ఎండలో నిలబడిన నలభై ఐదు నిమిషాలు మరచిపోయాడని అప్పట్లో నేను అనుకున్నాను.

అంతకుముందే నేను మా బావకు సంతకం నేర్పాను. ఆయనే అడిగాడు. "వేలిముద్ర వేస్తే ఆఫీసులో గుడ్డ ముక్క ఇచ్చి తుడుచుకోమంటారు బావా. ఆ గుడ్డ నాకు నచ్చదు." పడవ చెక్క మీద బొగ్గుతో రాసి చూపించేవాణ్ణి. ఆయన పేరులో ఐదు అక్షరాలు. మూడు వారాలు పట్టింది. నాలుగో అక్షరం దగ్గర చెయ్యి గెడ వేసినట్టు కిందికి దిగిపోయేది, కాగితమైతే చిరిగేది. ఐదూ కుదిరిన రోజు రేవులో తడి ఇసుక మీద పుల్లతో అటు చివర నుంచి ఇటు చివర దాకా తన పేరే రాసుకుంటూ వచ్చాడు. పోటు వచ్చి తుడిచేసేదాకా దాన్ని ఎవర్నీ తొక్కనివ్వలేదు.

చెరువు గట్టు మీది షెడ్డులో కూర్చున్నాం. ఆసామి, ఊరి పెద్దలు నలుగురు, మా బావ, నేను. నా అక్షరాలు బాగుంటాయని నన్ను పిలిచారు.

"ఎలక్షనంటే ఊళ్ళో కొట్లాటలు" అన్నాడు ఆసామి. "ఏకగ్రీవమైతే అందరికీ మర్యాద. నీకు పోటీ లేకుండా నేను చూసుకుంటాను. నువ్వు మాత్రం ఒక కాగితం మీద సంతకం పెట్టు."

"ఏం కాగితమండీ?"

"రాజీనామా. ఆనవాయితీలే. ఇప్పుడు చాలా ఊళ్ళలో తీసుకుంటున్నారు. తారీఖు వెయ్యం. నువ్వు మాట మీద నిలబడ్డన్నాళ్ళూ అది పెట్టెలోనే ఉంటది."

"ఏ మాట మీదండీ?"

"ఊరి మాట మీద."

మా బావ నా వైపు తిరిగాడు. "ఊరి మాటంటే ఎవరు చెబుతారు బావా?"

 దానికి జవాబు బదులు నేను ఒక తెలివైన ఏర్పాటు చెప్పాను. కాగితం నా దగ్గర ఉంటుంది, ఇద్దరూ కలిసి వచ్చి అడిగితేనే తీస్తాను అన్నాను. అందరూ మెచ్చుకున్నారు. "లెక్కల మేష్టారంటే ఇదీ" అన్నాడు ఆసామి. నేనే రాశాను. పై అధికారికి విన్నపం, సొంత కారణాల వల్ల పదవికి రాజీనామా, కింద తేదీ అని రాసి ఎదురుగా వరసగా చుక్కలు. చదివి వినిపించాను.

"ఎక్కకముందే దిగే కాగితమా" అని, మా బావ ఐదక్షరాలూ నిదానంగా పెట్టాడు. నాలుగో అక్షరం దగ్గర కూడా కాగితం చిరగలేదు. ప్రెసిడెంటుగా ఆయన పెట్టిన మొదటి సంతకం అది. అప్పటికింకా నామినేషను కూడా వెయ్యలేదు.

పదవిలోకి వచ్చాక కూడా పడవ మానలేదు. తెల్లచొక్కా వేసుకుని గెడ వేసేవాడు, అంతే తేడా. పంచాయతీ ఆఫీసు బడి పక్కన ఒక్క గది. అందులో చేతుల కుర్చీ ఒకటి, బల్ల ఒకటి. ఆయన బల్ల మీదే కూర్చునేవాడు. కుర్చీలో కూర్చోమంటే "అది రాజీనామా ఇయ్యనోళ్ళది" అనేవాడు. వినేవాళ్ళకు అర్థమయ్యేది కాదు. నాకయ్యేది. ఆయన భార్య నన్ను అన్నయ్యా అని పిలిచేది. "పదవి ఆయనకొచ్చింది, చాకిరీ నాకొచ్చింది అన్నయ్యా. వచ్చిన ప్రతోళ్ళకీ టీ. పంచదార చాలటం లేదని మీ బావతో ఒక తీర్మానం రాయించు" అనేది. ఆయన వింటూ గెడకు తారు పూసుకునేవాడు.

డెబ్బై ఏడు ఉప్పెన సంగతి ఎవరెత్తినా ఆయన మాటలు చెప్పేవాడు కాదు. వంగి, అరచెయ్యి అంచు మోకాలి కింద అడ్డంగా పెట్టి చూపించేవాడు. "ఇక్కడికి." అంతే. లంక మధ్యలో గొడ్ల దిబ్బ అని ఒకటి ఉండేది. ఉప్పెనలో ఆ దిబ్బ మీదకు ఎక్కినవాళ్ళకు నీళ్ళు మోకాలి కిందికి వచ్చాయి. ఎక్కనివాళ్ళకు ఎక్కడికి వచ్చాయో చెప్పడానికి ఆయన దగ్గర సైగ లేదు. "నీళ్ళకి కులం తెలవదు బావా, ఎత్తు తెలుసు" అనేవాడు.

ప్రెసిడెంటు అయిన ఏడాదికి నన్ను ప్రత్యేకంగా పిలిపించాడు. "దిబ్బ మీద ఎంతమంది పడతారో లెక్క కట్టి పెట్టు. తుఫాను షెల్టరు అక్కడ కట్టమని బందరులో అడగాలి. లెక్క లేకుండా అడిగితే వినరు."

గొలుసు ఒక కొస నేను పట్టుకున్నాను, రెండో కొస ఆయన భార్య పట్టుకుంది. దిబ్బ కోడిగుడ్డు ఆకారంలో ఉండేది. ముక్కలుగా విడగొట్టి లెక్కవేశాను. పైభాగం మూడువేల తొమ్మిదివందల చదరపుటడుగులు. సామాన్లతో కూర్చునే మనిషికి ఆరడుగుల చోటు వేసుకుంటే ఆరువందల యాభై మంది. లంకలో అప్పటికి ఆరువందల పన్నెండు మంది.

"అందరూ పడతారు బావా. ముప్పై ఎనిమిది మంది చోటు మిగులుతుంది."

"గొడ్లో?"

"మిగిలిన చోట్లో తొమ్మిదిన్నర గేదెలు పడతాయి."

ఆయన ఆలోచించాడు. "ఆ సగం గేది ఎవరిది?"

"మనదే అయ్యుంటది" అంది ఆయన భార్య గొలుసు చుడుతూ. "మనకే ఎప్పుడూ సగం వస్తది."

"దూడననుకో" అన్నాడాయన. ఆ రోజు నవ్వినంతగా ఆయన మళ్ళీ నవ్వడం నేను చూడలేదు.

రెండు నెలలు గడవకముందే ఆసామి నన్ను అదే దిబ్బ మీదకు తీసుకెళ్ళాడు. కొత్త చెరువులకు గట్లు పొయ్యాలి. చుట్టుపక్కల చేలల్లో తవ్వితే ఉప్పు మట్టి. దిబ్బ మట్టి బంకమట్టి, గట్టుకు అంతకన్నా మంచిది లేదు. "ఎన్ని ట్రక్కులొస్తది మేష్టారూ?" ఎత్తు తొమ్మిదడుగులు, పైన కింద సగటు చూస్తే ఐదువేల నూరు చదరపుటడుగులు, ట్రక్కుకు నూరు ఘనపుటడుగులు. నాలుగువందల యాభై తొమ్మిది అన్నాను. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఒకే దిబ్బకు నా పుస్తకంలో ఎదురెదురు పేజీల్లో రెండు లెక్కలున్నాయి. రెండూ సరైనవే.

దిబ్బ పంచాయతీది. తవ్వుకోవడానికి తీర్మానం కావాలి. మా బావ సంతకం పెట్టలేదు. మెంబర్లు ఎక్కువమంది ఆసామి మనుషులే కాబట్టి వాళ్ళ దాకా పోనివ్వకుండా ఒక సోమవారం నాడు గ్రామసభ పెట్టాడు. దిబ్బ తుఫానులో ఊరంతా ఎక్కే చోటు, ఎవరూ తవ్వరాదు, షెల్టరు అక్కడే కట్టాలి అని చేతులెత్తించాడు. మర్నాడు ఆ తీర్మానం బందరు ఆఫీసులో ఇచ్చి, తిరుగు దారిలో మా ఇంటికి వచ్చాడు.

"చేతులు నేనే లెక్కపెట్టా బావా. లాభం మొదలుకొని రెండువందల పది. పదిహేను రోజుల్లో వచ్చి చూస్తామన్నారు. చూసి రాసుకుంటే ఇక ఎవరూ ముట్టుకోలేరు."

మంచినీళ్ళు తాగి, గడప దిగబోతూ ఆగాడు.

"నీ పెట్టెలో ఆ రాజీనామా కాగితం భద్రమేగా?"

"భద్రమే. ఇద్దరూ వస్తేనే తీస్తాను."

"చింపెయ్యమని అడగను. మాట ఇచ్చా. ఈ పదిహేను రోజులూ అయ్యాక ఆసామి అడిగితే, ఆయన్ని పడవ మీద నేనే నీ దగ్గరకు తీసుకొస్తా."

బుధవారం గుడివాడ నుంచి కబురు వచ్చింది. కాగితం తీసుకుని రమ్మన్నారు. పెట్టె తాళం తీసేటప్పుడు ఒక్కడే అడుగుతున్నాడని నాకు తెలుసు. మాట్లాడటానికే కదా అనుకున్నాను. మాట్లాడటానికైతే కాగితం ఎందుకు అన్నది కూడా తెలుసు. బస్సులో అంతసేపూ చొక్కా జేబు మీద చెయ్యి తీయలేదు.

ఆసామి మేడ మీద ఇడ్లీలు పెట్టించాడు. కొత్త చెరువులు ఇరవై ఆరు వస్తున్నాయని, వేసవి అంతా నేనే కొలవాలని చెప్పాడు. నాకప్పటికి రెండు నెలలుగా పని లేదు. తరువాత కాగితం చదువుకుని, చుక్కల మీద వేలు పెట్టాడు.

"ఆయన్ని కూడా పిలిచారా అండీ?" అన్నాను.

"పిలిస్తే వస్తాడా? గెడ వేసుకుంటున్నాడు. ఇందులో ఆయన సంతకం ఉందిగా, వచ్చినట్టే." కలం నా ముందు పెట్టాడు. "అక్షరం ఒకే చేతిది అయితే బాగుంటది. మొన్న శనివారం తారీఖు వెయ్యండి. అదే రోజు అందినట్టు ముద్ర పడే పూచీ నాది. అప్పుడు సోమవారం గ్రామసభ పెట్టింది ప్రెసిడెంటు కాదు. ఎవరో పడవ మనిషి."

ఇక్కడ నేను చేసిన పని ఏ భయం వల్లా చేసింది కాదు. ఎవరూ అడగలేదు. ఇరవై ఆరు చెరువులకూ దానికీ సంబంధం లేదు. గోడ మీద క్యాలెండరు వైపు చూశాను. కళ్ళు వాటంతటవే వెళ్ళాయి. తప్పు లెక్క చూస్తే చెయ్యి ఆగని జబ్బు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. మగ్గం మీద పోగు తప్పితే మా నాన్నకన్నా ముందు నేనే అనేవాణ్ణి.

"అది రెండో శనివారం అండీ" అన్నాను. "ఆఫీసులు ఉండవు. సెలవు రోజు ముద్ర వేస్తే ఎక్కడో ఒకచోట పట్టుకుంటారు. శుక్రవారం వెయ్యాలి."

ఆసామి క్యాలెండరు చూసి, నన్ను చూసి, చాలాసేపు నవ్వాడు. "ఊరికే అంటారా లెక్కల మేష్టారని."

శుక్రవారం తారీఖు వేశాను. అంకెలు సమానంగా, ఒకే ఎత్తులో వచ్చాయి.

నోరు మూసుకుని ఆయన చెప్పిన శనివారమే రాసి ఉంటే ఆ కాగితం చెల్లేది కాదు. నేను మంచివాణ్ణి కానక్కర లేదు, ధైర్యం అక్కర లేదు, ఎదురు చెప్పక్కర లేదు. చెప్పింది చెప్పినట్టు రాస్తే చాలు. దిబ్బ నిలిచేది.

పది రోజుల్లో ఆసామి, ఉప ప్రెసిడెంటు కాబట్టి ఇన్‌ఛార్జి పేరుతో, ప్రెసిడెంటు కుర్చీలో కూర్చున్నాడు. రేవులో పదిమందిలో మా బావతో అన్నాడట. "నేను శనివారం అన్నానయ్యా. మీ బావే శుక్రవారానికి దిద్దాడు. లెక్కంటే ఆయనకి ప్రాణం."  పడవలోకి మనుషుల్ని లెక్కపెట్టుకుంటున్న మా బావ ఒకసారి ఆగి, మళ్ళీ లాభం నుంచి మొదలుపెట్టాడట. ఆయన లెక్క తప్పడం లంకవాళ్ళు అదొక్కసారే చూశారు.

వేసవిలో రెండు పడవలు కలిపి కట్టిన పంటు మీద ట్రాక్టర్లు వచ్చాయి. నేను గట్ల కొలతకు వెళ్ళాను. వెళ్ళకుండా ఉండొచ్చు, వెళ్ళాను. దిబ్బ ఐదువందల ట్రక్కులు దాటి వచ్చింది. తవ్విన మట్టి పొంగుతుంది, ఆ పొంగు నేను లెక్కలో వెయ్యలేదు. ఆ వ్యవహారం మొత్తంలో నేను తప్పిన లెక్క అదొక్కటే. తిరుగు పడవలో ఆయన గెడ వేస్తూ, నీళ్ళ వైపే చూస్తూ, మొదటిసారి అడిగాడు.

"బావా, ఇయాళ తారీఖు ఎంత?"

కొత్త చెరువులు మూడు పంటలు పండాయి. నాలుగో పంటకు రొయ్యకు తెల్లమచ్చ తెగులు వచ్చింది. తరువాత ఆసామి వేరే వ్యాపారంలోకి వెళ్ళాడు. గట్లు వానలకు కరిగి చెరువుల్లోకే జారాయి. దిబ్బ ఉన్న చోట గొయ్యి మిగిలింది. అందులో ఉప్పునీళ్ళు.

ఆ తరువాత ఒక ఏడు తుఫాను హెచ్చరిక వచ్చింది. బడి శ్లాబు ఉందిగా అన్నారు ఊళ్ళో. శ్లాబు ఎనిమిదివందల చదరపుటడుగులు, నూటముప్పై మూడు మంది. ఈ లెక్క నేను ఎవరికీ చెప్పలేదు, నన్నెవరూ అడగలేదు. ఆయన మాత్రం హెచ్చరిక విన్న పొద్దుటి నుంచే జనాన్ని ఒడ్డు దాటించడం మొదలుపెట్టాడు. అప్పుడు ఆయన ప్రెసిడెంటు కాదు, ఏమీ కాదు. ఇల్లిల్లూ తిరిగి తలుపులు కొట్టాడు. వచ్చినవాళ్ళను ఇరవై ఇద్దరి చొప్పున, గాలి లేచేలోగా పంతొమ్మిదిసార్లు దాటించాడు. నాలుగువందల పద్దెనిమిది మంది. పోయి రావడానికి నలభై ఐదు నిమిషాల చొప్పున పద్నాలుగు గంటల పైన గెడ వేశాడు. దిబ్బ ఉంటే ఊరంతా నడిచి పది నిమిషాల్లో ఎక్కేది.

ఆ తుఫాను పక్కకు తిరిగిపోయింది. లంకలో నీళ్ళు అరుగుల దాకా వచ్చి తగ్గాయి. ఒక్కరూ పోలేదు. కోళ్ళు పోయాయని, వండిన కూడు పాడైందని జనం ఆయన్ని ఆడిపోసుకున్నారు. "ఉప్పెన రోగం పట్టుకుంది ఆయనకి" అన్నారు. మళ్ళీ ఎన్నికలు వచ్చినప్పుడు, ఈసారి ఎవరికీ కాగితం ఇవ్వకుండా, ఆయన నిలబడ్డాడు. తొంభై ఒక్క ఓట్లు వచ్చాయి. ఫలితం చెప్పిన రోజు బందరులోనే ఎదురుపడ్డాడు. ఓట్ల సంగతి ఎత్తలేదు. తారీఖు అడిగాడు, వారం అడిగాడు, ఆఫీసులు ఉంటయ్యా అని అడిగాడు.

ఒక్కసారైనా తిట్టి ఉంటే బాగుండేదని చాలా ఏళ్ళు అనుకున్నాను. తిడితే నా దగ్గర సమాధానాలు ఉన్నాయి. పని లేని రోజులు, పెద్దవాళ్ళ మాట, నేను కాకపోతే ఇంకొకరు రాసేవారన్న మాట, అన్నీ సిద్ధం చేసుకున్నాను. తారీఖు ఎంత అని అడిగినవాడికి తారీఖు తప్ప ఏం చెప్పగలం?

పదకొండో రోజుకు లంకకు వెళ్ళాను. ఇప్పుడు ఇంజను పడవ. ఎవరూ లెక్కపెట్టరు. ముప్పై ఒక్కమంది ఎక్కాం, నేను లెక్కపెట్టాను.

భోజనాలు అయ్యాక ఆయన భార్య పంచాయతీ ఆఫీసు దగ్గర కనబడింది. చావు నమోదు చేయించుకోవడానికి వచ్చి బల్ల మీద కూర్చుంది. ఆయన కూర్చునే బల్లే. గోడ మీద పనిచేసిన ప్రెసిడెంట్ల పేర్ల బోర్డు ఉంది. ఆయన పేరుకు ఎదురుగా నుంచి, వరకు అని రెండు తారీఖులు, తెల్ల రంగుతో. వరకు కింద నా శుక్రవారం.

కార్యదర్శి కొత్త కుర్రాడు. ఫారం నా వైపు జరిపాడు. "మీ రాత బాగుంటుందటగా సార్, మీరు నింపండి. ఆవిడకి రాదు."

పేరు రాశాను, ఐదక్షరాలు. తండ్రి పేరు రాశాను. వయసు ఆవిడ చెప్పింది. తరువాత మరణించిన తేదీ అని ఉండి, ఎదురుగా చుక్కలు ఉన్నాయి. కలం అక్కడ ఆగింది.

"తారీఖు ఎంతమ్మా?" అన్నాను. ఆ ఇంటి మనిషిని నేను తారీఖు అడగడం అదే మొదలు.

ఆవిడ చెప్పింది. చెప్పి, కాసేపు గోడ మీద బోర్డు వైపు చూసింది. ఆవిడకు చదవడం రాదు.

"ఆదివారం పోయాడన్నయ్యా. ఆ రోజు ఆఫీసులు ఉండవుగా. చెల్లుద్దా? లేకపోతే ముందుకి జరుపుతావా?"

కార్యదర్శి తలెత్తి మా ఇద్దర్నీ చూశాడు.

"చెల్లుద్దమ్మా" అన్నాను.

"అయితే రాయి" అంది.

రాశాను.